వంతెన మీద ఎర్ర గొడుగు

గొడుగు మూసి పట్టుకుంటే వంతెన కింద నుంచి వెళ్ళిపోవచ్చు. తెరిచి పట్టుకుంటే ఎడమ ఒడ్డుకు రావాలి. మా ఆయనకూ నాకూ మధ్య ఒప్పందం అదే. గొడుగు ఎర్రది. ఎంత వానలోనైనా మలుపు నుంచే కనిపిస్తుంది.

మా ఆయన కత్సుజీ కలప మిల్లులో పని మానేశాక కయాక్, ఒక్కరు పట్టే సన్నటి తెడ్డు పడవ, కొనుక్కున్నాడు. షిమాంతో నది పక్కనే పుట్టి పెరిగి, అది సముద్రంలో కలిసే చోటికి ఒక్కసారైనా నీటి మీద వెళ్ళలేదని ఆయనకు దిగులు. వానలకు ముందే బయలుదేరాల్సింది. భుజం నొప్పి పట్టుకుంది. అది తగ్గేసరికి వానలు వచ్చేశాయి. ఇక ఆగనన్నాడు. ఆయన నీటి మీద, నేను ఒడ్డున రోడ్డు మీద చిన్న ట్రక్కులో. గుడారం, బియ్యం, పొడి బట్టలు నా దగ్గరే. ప్రతి వంతెనకూ ఆయనకంటే ముందు చేరి నిలబడటం నా పని.

మా నది మీది పాత వంతెనలు ఎత్తు తక్కువవి. వాటికి పిట్టగోడలు ఉండవు. వరదొస్తే మునుగుతాయి, వరద తీస్తే మళ్ళీ తేలతాయి. గోడలుంటే కొట్టుకొచ్చే దుంగలు తగులుకుని వంతెనే కూలిపోతుంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు దీంతో ఇబ్బంది లేదు, మునిగినప్పుడు ఇంట్లో కూర్చుంటారు. భయమంతా పడవలో ఉన్నవాడికే, అదీ మునగడానికి కాస్త ముందు. నీటికీ వంతెన పలకకూ మధ్య సందు మిగిలే ఉంటుంది. పడవను లోపలికి లాక్కోవడానికి అది చాలు, మనిషి తల పట్టడానికి చాలదు. ఆ సందెంతో మలుపు నుంచి తెలియదు. తెలిసేసరికి ప్రవాహం పడవను పట్టేసుకుంటుంది. అందుకే గొడుగు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మొదటి వంతెన దగ్గర నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి, సందు కూడా బోలెడుంది. మూసిన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మలుపు తిరిగి ఆయన వచ్చాడు. అంత పెద్ద నది మీద ఆ పసుప్పచ్చ పడవ పండుటాకులా ఉంది. నా తమ్ముడు నడిసముద్రంలో చేపలకు వెళ్ళే ఓడెక్కి చెయ్యూపినప్పుడు, రేవులోంచి వాడూ ఇంతే కనిపించాడు. మళ్ళీ వాణ్ణి చూడలేదు. నా బొటనవేలు దానంతటదే మీట నొక్కింది. గొడుగు విచ్చుకుంది.

ఆయన ఆదరాబాదరాగా ఎడమ ఒడ్డున గులకరాళ్ళ మీదకు పడవ ఎక్కించి, వంతెన వైపు చూశాడు.

"మిసావో! ఏమైందే?"

"ఏం లేదు. వాన కదా..."

"వానని గొడుగేసుకున్నావా? ఈ వంతెన కింద రెండు పడవలు ఒకదాని మీదొకటి పెట్టి తోలొచ్చు!"

"కాసేపు ఆగు. అన్నం ముద్ద తిని వెళ్ళు."

"తిని గంట కాలేదు. నీకు గుబులు పుట్టినప్పుడల్లా ఒడ్డెక్కుతుంటే నేను సముద్రం చూసినట్టే!"

"చూడకపోతే ఏం పోయిందయ్యా? సముద్రమేం నీ కోసం మేలుకుని కూచుందా?"

"ఇక నీ గొడుగు చూడను, పో. నాకూ కళ్ళున్నాయి."

పడవ నెట్టుకుని వెళ్ళిపోయాడు. బయలుదేరిన ప్రతిసారీ మలుపు దగ్గర వెనక్కి తిరిగి తెడ్డు పైకెత్తుతాడు. మా ఊళ్ళో ఎవరినైనా సాగనంపితే కనుమరుగయ్యేదాకా నిలబడతాం. వెళ్ళేవాళ్ళూ చివర్లో ఒకసారి తిరిగి చూస్తారు. ఆయన తిరగలేదు. మలుపు ఖాళీ అయ్యాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

రెండో వంతెన చేరేసరికి వాన కాస్త తగ్గింది. కాని నది రంగు మారింది. ఉదయం సోయా ముద్దతో కాచిన మిసో చారులా చిక్కగా, పైన నురగతో, ఆకులతో పారుతోంది. ఒడ్డున యోనెదా మలుగు చేపల బుట్టలు లాగి పైన పడేస్తున్నాడు. మాకు దూరపు చుట్టం, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, బావ ఇంకా నీళ్ళలోనే ఉన్నాడా?"

"వస్తున్నాడు."

"పైన కొండల్లో రాత్రి నుంచి కుండపోతట. కాసేపట్లో ఈ వంతెన మునుగుతుంది. నీ గొడుగు తెరిచే పట్టుకో."

"తెరిస్తే చూడడయ్యా! చూడనని చెప్పి మరీ వెళ్ళాడు."

యోనెదా బుట్ట చేత్తో పట్టుకునే నా మొహంలోకి చూశాడు. బుట్ట వదిలేశాడు. తాడు ఒకటి తీసుకుని, వంతెనకు ఎగువన ఎడమ ఒడ్డు తుప్పల్లోకి దిగాడు.

నేను వంతెన మధ్యకు వెళ్ళాను. పలక కింద నీళ్ళు గుటకలేస్తున్న చప్పుడు కాళ్ళకు తెలుస్తోంది. జానెడు సందు కూడా లేదు. గొడుగు తెరిచి రెండు చేతులతో పైకెత్తాను.

పసుప్పచ్చ పడవ మలుపు తిరిగింది.

"ఆగు! ఒడ్డుకు రా!" అని అరిచాను. నది హోరులో నా గొంతు నాకే వినపడలేదు. గొడుగు అటూ ఇటూ ఊపాను. ఆయన నన్ను చూశాడు. అది మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది. తల అడ్డంగా ఊపి, తెడ్డును పడవ పొడవునా ఆనించి, కిందికి దూరడానికి ఎప్పటిలాగే నడుం వంచాడు.

పొద్దున్న ఆయన్ని ఊరికే ఒడ్డెక్కించిన ఆ గొడుగుకు ఇప్పుడు విలువ లేదు. నా దగ్గర ఇంకేమీ లేదు.

తెరిచిన గొడుగును ఎంత దూరం పడితే అంత దూరం ఎగువకు విసిరాను.

అది బోర్లా పడకుండా, వెల్లకిలా, చిన్న ఎర్ర పడవలా నీటి మీద నిలిచింది. ఒకసారి గిర్రున తిరిగింది. తర్వాత ఎవరో కాలు పట్టి లాగినట్టు నా పాదాల కిందికి దూసుకొచ్చింది. పుటుక్కున పుల్లలు విరిగిన చప్పుడు. వెనక్కి తిరిగి దిగువ అంచుకు పరుగెత్తాను. బురద నీళ్ళు తప్ప ఏమీ బయటకు రాలేదు.

మళ్ళీ ఎగువకు తిరగడానికి ధైర్యం చాలలేదు. తిరిగాను.

ఆయన నడుం లేచింది. ఎడమవైపు తిరగడానికి తెడ్డు పిచ్చిపట్టినట్టు నీళ్ళను కొడుతోంది. పడవ ముక్కు ఒడ్డుకు తిరిగింది, తోక మాత్రం నా వైపే జారుతోంది. నొప్పి భుజం మీదే భారమంతా. తుప్పల్లోంచి తాడు లేచి పడింది. ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాడు. పడవ గడ్డిలోకి గుద్దుకుని ఆగింది.

నేను వంతెన మీద ఎలా నడిచి వచ్చానో గుర్తులేదు.

"మలుగుల కోసం వస్తే ముసలి సొరచేప పడింది, అక్కా," అన్నాడు యోనెదా, తాడు చుట్టుకుంటూ. "అమ్మితే ఎవడూ కొనడు."

ఎవరమూ నవ్వలేదు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ట్రక్కులో కూర్చున్నాం. అద్దాలకు ఆవిరి పట్టింది. అన్నం ముద్ద చేతికిచ్చాను. ముద్ద మధ్యలో పెట్టిన ఊరబెట్టిన పుల్లటి పండు దాకా తిన్నాక అడిగాడు.

"గొడుగు అవతలికి రాలేదు కదూ?"

"రాలేదు."

అద్దం చేత్తో తుడిచి చూశాడు. వంతెన మీదకు నీళ్ళు పల్చగా ఎక్కుతున్నాయి.

"పొద్దున్న నేను వెళ్ళాక ఎంతసేపు నిలబడ్డావ్?"

"ఎందుకిప్పుడు?"

"ఊరికే."

"తెడ్డు ఎత్తుతావేమోనని చూశాను," అన్నాను. "గొడుగు అబద్ధంగా తెరిచింది నేనే. తప్పు నాదే. అయినా నువ్వు ఎత్తి ఉండాల్సింది."

ఆయన పడవ ఇంకా పైకి లాగి కట్టాలంటూ తలుపు తీసుకుని వానలోకి దిగాడు. ట్రక్కు నుంచి ఆ తుప్పలదాకా నాలుగు అంగలు కూడా ఉండవు. అక్కడికి వెళ్ళి, పడవలోంచి తెడ్డు తీసి, నా వైపు తిరిగి, దాన్ని నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు. భుజం నొప్పికి మూతి వంకరపోయింది.

నేనూ చెయ్యెత్తాను.

ఎంతసేపటికీ తెడ్డు దించడేం! నీళ్ళు ఆయన మెడ మీంచి కారుతున్నాయి.

"చాల్లే, తడిసి చస్తావ్! లోపలికి రా," అని అరిచాను.