మబ్బుకి కావలసిన రంగు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా కూతురి జుట్టు పెరగడం.

నియెన్‌కి నెల నిండాక ఆనవాయితీ ప్రకారం గుండు గీయించారు. మా అత్తగారు ఆ వెంట్రుకలను వేళ్ల మధ్య నలిపి చూసి, ఎర్రసంచిలో కట్టుకుంది. "మంచి జుట్టే. ఇక దీని తలమీద కత్తెర పెట్టనివ్వకు" అంది. తర్వాత నా తల చూసింది. "నీదా, నీ చదువులాగే. సగంలో తెగిపోతుంది." కాన్పయ్యాక నా జుట్టు గుప్పెళ్లుగా రాలుతోంది. దానివల్లే బతికిపోయానని తర్వాత తెలిసింది.

మాది సుజౌ దగ్గర, తాయ్ సరస్సు ఒడ్డు. పట్టుమీద దారానికి బదులు తలవెంట్రుకతో కొండలూ నీళ్లూ కుట్టే ఇల్లు. సరస్సు అవతల కడుతున్న హోటల్లో ప్రతి మంచం వెనకా మా తెర ఒకటి నిలబెడతారట. గదులన్నీ పాత సిరాచిత్రాల్లా ఉండాలట. ఆ గదులు తీర్చిదిద్దే గావ్ గారు వచ్చి, "నలుపొక్కటే చాలదమ్మా, సిరాలో నీళ్లు కలిపినట్టుండాలి. మబ్బు కనపడాలి. రంగులో ముంచిన వెంట్రుకయితే తీసుకోను" అంది. అత్తగారు నవ్వి, "ముంచడమెందుకు? తలమీద పండిందే తెస్తాం" అంది.

ఆ వెంట్రుక పైగదిలోంచి దిగుతుంది. అక్కడ మా తోడికోడలు పెయ్‌ఫాంగ్ అక్క ఉంటుంది. పోయిన శరత్కాలంలో ఆమెకి పుట్టిన బిడ్డ దక్కలేదు. బావగారు ఓడ పనికి వెళ్లిపోయాడు. పురిటి నెలలో బాలింతకి గాలి సోకకూడదని మా ఊళ్లో ఎవరూ ఆ గది తలుపు తట్టరు, ఎందుకని అడగరు. నెల వెళ్లింది. చలికాలం వెళ్లింది. పీచ్ పూలు కూడా రాలిపోయాయి. అడిగితే అత్తగారు నడుముకున్న తాళంచెవి సర్దుకుంటూ, "ఇంకా పచ్చి ఒళ్లేనే, నీకేం తెలుసు" అంటుంది. పైకి అన్నం వెళ్తుంది, కిందికి అల్లం నీళ్ల వాసనతో జుట్టు వస్తుంది.

మొదట వచ్చింది నల్లగా ఉండేది. దాంతో రాళ్లు కుట్టాను. తర్వాత బూడిదరంగు పాయలు మొదలయ్యాయి. అక్క నాకంటే రెండేళ్లే పెద్ద. గావ్ గారు తెర చూసి, "ఇదీ మబ్బంటే!" అని చప్పట్లు కొట్టింది. మా ఆయన జియాన్‌రొంగ్‌తో చెప్పాను. "అమ్మ చూసుకుంటోందిగా. పని తక్కువై నీకు ఊహలెక్కువయ్యాయి" అన్నాడు, నియెన్ గుడ్డలు నా ఒళ్లోకి విసిరేస్తూ.

ఆ మర్నాడు అత్తగారు సంతకి వెళ్లగానే మెట్లెక్కాను. లోపల దువ్వెన చప్పుడు. "అక్కా" అన్నాను. చప్పుడు ఆగింది. తలుపు కిందినుంచి ఒక పాయ మెల్లగా పాక్కుంటూ నా పాదాల దగ్గరికి వచ్చింది. తెల్లటిది.

"ఇంత చాలా అత్తయ్యా? ఇంక కిందికి రానిస్తారా?"

"నేను అత్తయ్యని కాను, అక్కా."

మళ్లీ దువ్వెన మొదలైంది, ఈసారి త్వరత్వరగా. తాళం లాగాను, రాలేదు. అంతలో కింద గేటు చప్పుడయింది.

ఆ రోజే గావ్ గారు ఫోన్ చేసి, పెద్ద గదికి మంచు కురిసే తెర కావాలంది. అత్తగారు సరేనంది. అని, నియెన్ తల నిమిరింది.

ఇవాళ తెరలు నిలబెట్టడానికి బిడ్డని వీపున కట్టుకుని హోటల్‌కి వచ్చాను. ఇంటికి తిరిగి వెళ్లలేదు. ఇక్కడి క్షౌరపు కత్తితో నియెన్‌కి మళ్లీ గుండు గీశాను. ఆ గడప మళ్లీ తొక్కితే దీన్ని నాకివ్వరు. పోలీసులకి చెబితే, "బాలింత పథ్యంలో ఉంది, ఇంటి సంగతి" అని మా ఆయనకే ఫోన్ చేశారు.

మీరెవరైనా ఈ గదుల్లో దిగితే, మంచం వెనకున్న మబ్బు చూసి ఊరుకోకండి. సరస్సు దాటి మా ఇంటికి వెళ్లండి. తెర కొంటామనండి, టీ ఇస్తారు. తాగకుండా మెట్లెక్కండి. దువ్వెన చప్పుడు వినబడితే బాగానే ఉందిలే అనుకుని దిగిపోకండి. తలుపు తెరిపించి మా అక్క మొహం చూడండి.