నాలుగింటి వాన

రోజూ నాలుగు కొట్టకముందే లెస్ టిప్పెట్ పని ఆపేసి, తన పాత యుద్ధబండిని గొర్రెల కొట్టం పక్కన నిలిపి దిగిపోయేవాడు. పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి, బండివైపు వీపు తిప్పి ఓ చెక్కపెట్టె మీద కూర్చునేవాడు. నాలుగింటికి బండిలో వాన మొదలయ్యేది.

బండిలో మాత్రమే. బయట ఆకాశం ఎప్పట్లాగే కాలిపోతుండేది. బెర్రిబూల్ ఊరి చుట్టుపక్కల రెండేళ్ళుగా చినుకు లేదు. కంచె స్తంభాలు సగందాకా ఇసుకలో కూరుకుపోయాయి. కానీ పైన కప్పులేని ఆ ఉక్కు తొట్టిలోకి లెస్ యుద్ధం చేసొచ్చిన న్యూగినీ అడవుల వాన లావుపాటి ధారలుగా పడేది. ఓ టీ కాచుకుని తాగేంతసేపు పడి, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేది. అడుగునున్న రంధ్రాల్లో గోనెగుడ్డ కుక్కి, జనం పాలక్యాన్లతో వరసగా నిలబడేవాళ్ళు. నీళ్ళు కాస్త పెట్రోలు వాసన కొట్టేవి. టీలో పోస్తే తెలీదని సర్దుకునేవాళ్ళు. అంత తడిసిన ఇంజను మర్నాడు పొద్దున ఎలా స్టార్టవుతుందో ఎవరూ అడగలేదు.

యుద్ధం అయిపోయాక సైన్యం కొన్ని బండ్లని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నడపడం నేర్పడానికి ఉంచుకుని, మిగతావి వేలం వేసేసింది. చుట్టూ ఉక్కు పలకలు, కింద గొలుసు పట్టాలు ఉన్న ఆ చిన్న యుద్ధబండ్లు బెర్రిబూల్ చుట్టూ ఉన్న మాలీ పొదల ప్రాంతంలో ఇంటికొకటన్నట్టు దిగాయి. నిప్పంటుకుంటే ఆర్పడానికి ఊరివాళ్ళు ఒకదాని మీద నీళ్ళ ట్యాంకు ఎక్కించారు. పక్క పొలం క్లారీ తన బండి వెనక పాత ఆవిరి బాయిలర్‌ని రోలర్‌లా కట్టి పొదలు తొక్కించేవాడు. శత్రువు మీదికి కూడా ఇంత హుషారుగా పోలేదురా ఇది అని గొప్పలు పోయేవాడు.

ఆ వేలంలో లెస్‌కి తన బండే ఎదురైంది. ఎడమవైపు పలకకి తూటా బెజ్జం, దాని పక్కనే నేస్తం డోనీ మేకుతో గీసిన గొర్రె బొమ్మ. ఇంకెవరో పట్టుకుపోతే బాగుండదని కొన్నాడు. తనకి తను చెప్పుకున్న కారణం అదే.

"ఏరా లెస్, వాన పడే వేళకి పారిపోతావేం? ఉప్పుబొమ్మవా, కరిగిపోతావా?" అని క్లారీ రోజూ వేళాకోళమాడేవాడు. వరసలో అందరూ నవ్వేవాళ్ళు. లెస్ కూడా నవ్వి, మళ్ళీ వీపు తిప్పేసేవాడు.

వరసలో ఎప్పుడూ చివర నిలబడేది ఐవీ రెండెల్. డోనీ తల్లి. లెస్, డోనీ ఒకే బడిలో చదివి, ఒకే రోజు సైన్యంలో చేరి, ఒకే బండి ఎక్కారు. లెస్ నడిపేవాడు, డోనీ పక్కన తుపాకీ పట్టేవాడు. తిరిగొచ్చిన వారంలోనే లెస్ ఆవిడ వంటింట్లో కూర్చుని చెప్పాడు. "నాలుగింటికి వాన మొదలైంది ఆంటీ. ఆ వానలోనే, క్షణంలో పోయాడు. ఏమీ తెలీలేదు వాడికి. మనవాళ్ళొచ్చేదాకా నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకుని."

తిరిగొచ్చినవాళ్ళంతా రానివాళ్ళ ఇళ్ళలో ఇంచుమించు ఇదే చెప్పేవాళ్ళు. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చిన మాటలవి. ఆవిడ కళ్ళు తుడుచుకుని అతనికి రెండు గుడ్లు వేయించి పెట్టింది. లెస్ తిన్నాడు. ఆ గుడ్లు ఇంకా గొంతులోనే ఉన్నట్టుంటుంది అతనికి.

జరిగింది వేరు. తూటా డోనీ కడుపులో దిగింది. బండి ఆగిపోయింది. డోనీ అతని చొక్కా చెయ్యి పట్టుకుని "వెళ్ళకురా" అన్నాడు. లెస్ కాసేపు ఉన్నాడు. ఓ టీ కాచుకుని తాగేంతసేపు. ఆ తర్వాత సాయం తెస్తానని చెప్పి, చొక్కా విడిపించుకుని దూకేశాడు. వెనక గుడారాల దాకా పరుగెత్తి, బండిలో ఇంకెవరూ బతికి లేరని చెప్పి, తడిబట్టలతోనే దుప్పటి ముసుగేసుకున్నాడు. నిద్రపట్టింది. మేలుకుని భయంతో వణికినా ఇంత సిగ్గు ఉండేది కాదేమో. హాయిగా నిద్రపోయాడు.

అందుకే ఆ వాన చూడలేకపోయాడు. బండిని పాత ఇనుము వ్యాపారికి ఇచ్చేసి, దూరాన గీలాంగ్ పట్నంలో మిల్లు పనికి పోదామని నిశ్చయించుకున్నాడు. వ్యాపారి శనివారం వస్తానన్నాడు.

శుక్రవారం ఐవీ ముందుగానే వచ్చింది, రెండు క్యాన్లతో.

"అమ్మేస్తున్నావటగా నాయనా?"

"అవునాంటీ."

"మంచిదే. నేనూ మా చెల్లెలింటికి పోవాల్సిందే ఇక. గొర్రెలు తాగే గుంట ఎండి పగుళ్ళిచ్చింది. మిగిలిన గొర్రెల్ని రేపు తుపాకీతో కాల్చెయ్యమని క్లారీకి చెప్పాను. పెంచిన చేత్తో నేను కాల్చలేను." ఆవిడ క్యాన్ మూత తీసి మళ్ళీ పెట్టింది. "ఈ వాన ఇంకొంచెంసేపు పడుంటే బతికేవి నాయనా. ఆ అడవుల్లో గంటలకొద్దీ పడుతుందంటారే. ఆవేళ నిజంగా ఇంతేనా పడింది? ఎప్పుడాగింది?"

ఇంతే ఆంటీ అంటే సరిపోయేది. ఏదో ఒక వేళ చెప్పినా నమ్మేది. ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధాల ముందు అదేపాటిది! లెస్ నోరు తెరిచాడు.

"తెలీదు," అన్నాడు.

"తెలీదా? పక్కనే ఉన్నావుగా."

లెస్ తన బూట్లకేసి చూశాడు. ఐవీ క్యాన్లు కింద పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. లాగి ఒకటి కొట్టినా బాగుండునని అతనికనిపించింది.

"బండి ఎక్కు," అంది.

"ఆంటీ, నేను..."

"ఎక్కమన్నాను. నీ చోట నువ్వు కూర్చో. వాడి చోట నేను కూర్చుంటా. ఎప్పుడాగుతుందో చూద్దాం."

ఎక్కారు. అప్పుడే వస్తున్న క్లారీ, "ఓహో, ఉప్పుబొమ్మ ఎక్కిందిరోయ్!" అని కేకేశాడు. ఐవీ మొహం కనిపించగానే టోపీ తీసి ఊరుకున్నాడు.

నాలుగింటికి వాన మొదలైంది. అదే వాన, అదే వాసన. పొయ్యి మీద కెటిల్ మరిగి కూతపెట్టింది. టీ కాచుకుని తాగేంతసేపు అయింది. లెస్ తనకి తెలీకుండానే లేచి నిలబడ్డాడు. ఐవీ అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది, సరిగ్గా డోనీ పట్టుకున్నచోటే. లెస్ కూలబడ్డాడు.

వాన ఆగలేదు.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి, ఉక్కు పలకల మీంచి పొర్లి ఇసుకలో పడ్డాయి. ముందు తేరుకున్నది క్లారీ. పారలు తెమ్మని అరిచాడు. అందరూ కలిసి కంచె అవతలి ఐవీ గుంటదాకా కాలవ తీశారు. నీటి వాసనకి ఐవీ గొర్రెలు బక్క కాళ్ళ మీద తూలుతూ కంచె దగ్గరికొచ్చాయి. లెస్ ఏడుస్తున్నాడు, పెద్దగానే. ఐవీ చొక్కా వదల్లేదు, అతనివైపు తిరగనూ లేదు. పొద్దు వాలింది. ఎర్రటి వెలుగు పోయి చీకటి పడింది. అప్పుడు వాన సన్నబడి, ఒక్కొక్క చినుకుగా పడి ఆగింది.

క్లారీ లాంతరు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "ఐవీ అక్కా! గుంట నిండిపోయింది! గొర్రెల్ని కాల్చక్కర్లేదు!"

ఆవిడ విన్నట్టులేదు. పలక మీది గొర్రె బొమ్మని వేలితో తడుముతోంది.

"ఇంతసేపా," అంది. "ఇంతసేపు బతికున్నాడా వాడు, ఒక్కడే?"



ఐవీ లెస్ చొక్కా వదిలి, తడిసిన గౌను పిండుకుంటూ దిగింది.

"రేపు ఆ ఇనుము మనిషిని తిప్పి పంపెయ్," అంది. "నాలుగింటికి నేనొస్తాను. నువ్వుండు."

నాయనా అని మాత్రం అనలేదు.