రెండు ప్రాసెసర్లు చాలు

మా అక్క చేతిలో చురుకు లేదని విచారణ నోటీసులో రాశారు. చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క అంబులెన్స్ కంట్రోల్ రూములో ఫోన్లు తీస్తుంది. పదకొండేళ్లుగా అదే పని. అవతలివాళ్లు ఏడుస్తూ చెప్పే చిరునామా, వాళ్లు ముగించేలోపే టైపు చేసేస్తుంది. అలాంటిది మొన్న ఒక ముసలాయన ఇంటికి బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. ఆయన బతికాడు, అదృష్టం. తప్పు మాత్రం అక్క నెత్తిన పడింది. శుక్రవారం విచారణ. తప్పు తనది కాదని అక్కడ తేలకపోతే ఉద్యోగం ఊడినట్టే.

ఆ రోజు అక్క ముందున్న తెర ఎందుకు బిగుసుకుపోయిందో నాకు తెలుసు. కింది అంతస్తులో సర్వర్ చూసుకునేది నేనే కదా! దానిలో ఉన్నవి ఇరవై నాలుగు ప్రాసెసర్లు. దాని మీద ముప్ఫై వర్చువల్ మెషీన్లు, అంటే ఆ ఒక్క సర్వర్నే పంచుకుని నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు పెట్టి, వాటికి కలిపి నూటపది ప్రాసెసర్లు రాసిచ్చాడు మా పెద్దసారు. అన్నీ ఒకేసారి పనిచేయవులే అని ఆయన ధీమా. వాటిలో ఒకటైన కంట్రోల్ రూమ్ మెషీన్ నెమ్మదించిందంటే నాలుగున్నవాటిని ఎనిమిది చేశాడు. ఇంకా నెమ్మదించింది. పదహారు చేశాడు. మరీ చతికిలబడింది.

"తగ్గించాలి సార్," అని మొత్తుకున్నాను. "మన సర్వర్లో పదహారు ప్రాసెసర్లూ ఒకేసారి ఖాళీ అయితేగానీ ఆ మెషీన్ కదలదు. పదహారు మందీ పక్కపక్కనే కూర్చుంటామని పట్టుబడితే ఎన్ని బస్సులు వదులుకోవాలి? ఇద్దరైతే వచ్చిన బస్సు ఎక్కేస్తారు."

"తగ్గిస్తే వేగం పెరుగుతుందా? నా చెవిలో పువ్వులు పెట్టకమ్మా. ముందు మీ అక్కని టైపు నేర్చుకోమను."

శుక్రవారం విచారణాధికారి నేరుగా కంట్రోల్ రూముకే వచ్చింది. పెద్దసారునీ నన్నూ అక్కడికే పిలిపించింది. పొద్దున్నుంచి అక్క పక్కన కూర్చుని గడియారం చూసుకుంటోంది. ప్రతి ఫోనుకీ తెర నలభై సెకన్లు తీసుకుంటోంది. మెషీన్ ఎంతసేపు ప్రాసెసర్ల కోసం ఎదురుచూస్తోందో నేను గ్రాఫులో చూపించాను.

"ఈ గీతలు ఎవరైనా గీస్తారు," అన్నాడు పెద్దసారు.

ఇక చాలనిపించింది.

"అక్కా, మెషీన్ ఆపితే రెండు నిమిషాలు కాగితం మీద రాయగలవా?"

"నువ్వు ఆపెయ్యవే. ఫోన్లు నేను చూసుకుంటా."

ల్యాప్‌టాప్ తెరిచి మెషీన్ ఆపేశాను. పదహారు కొట్టేసి రెండు అని పెట్టి, మళ్లీ నడిపించాను.

"ఏయ్! ఎవరినడిగి ఆపావ్?" పెద్దసారు కుర్చీలోంచి లేచాడు.

ఆ రెండు నిమిషాల్లో రెండు ఫోన్లు వచ్చాయి. అక్క చిరునామాలు కాగితం మీద రాసి, డ్రైవర్లకు తనే ఫోన్ చేసి పంపించింది. తెర వచ్చింది. మూడో ఫోను మోగింది. అక్క వేళ్లు ఆగేలోపే దగ్గరున్న బండి నంబరు తెర మీద పడింది. మూడు సెకన్లు!

"అనుమతి లేకుండా ఆపింది మేడమ్! రాసుకోండి!" అని అరిచాడు పెద్దసారు.

ఆవిడ నా వైపు చూసింది. "అనుమతి తీసుకున్నారా?"

"లేదు మేడమ్. నా పేరు రాసుకోండి. ఎందుకు ఆపానో, ఇన్నాళ్లూ ఎవరు తగ్గించనివ్వలేదో అదీ రాయండి. మా అక్క పేరు మాత్రం కొట్టేయండి."

ఆవిడ నా పేరు రాసుకుంది. అక్క పేరు కొట్టేసింది. కలం మూయకుండానే పెద్దసారు వైపు తిరిగింది.

"మీ పూర్తి పేరు చెప్పండి."