పావు చుట్టు

వాల్వును పావు చుట్టు తిప్పి ఆగాడు. మేకుకు వేలాడుతున్న కమ్మిని తీసి, దాని కొనను ఉక్కు పాత్రకు ఆనించి, చెక్క పిడిని కుడి చెవికి చేర్చి కళ్లు మూసుకున్నాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం లోపలి గుళికలదో, తన చెవిదో ఆయనకు తెలియలేదు.

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని 'నిదానం' అంటారు. పొడవాటి మనిషి. ఇరవై రెండేళ్లుగా గేజీల మీదికి వంగి వంగి మెడ కాస్త ముందుకు వచ్చేసింది. అలసిపోయిన ఉత్ప్రేరకాన్ని మళ్లీ పనిలోకి పంపడం ఆయన ఉద్యోగం. ఉత్ప్రేరకమంటే బఠానీ గింజంత తెల్లటి గుళికలు, ఒక్కోదానిలో కంటికి కనిపించని వేల సందులు. నూనె ఆవిరులు నెలల తరబడి వాటిగుండా పోయి పోయి సందుల్లో తారు పేరుకుంటుంది. గుళిక నల్లబడి మొరాయిస్తుంది. కొలిమిలో కాలిస్తే తారు పోతుంది, దాంతోపాటు సందులూ పూడుకుపోతాయి.

నిదానం దారి వేరు. కార్బన్ డయాక్సైడును బాగా ఒత్తి, గోరువెచ్చగా చేసి పాత్రలోకి పంపుతాడు. గాజు కిటికీలో ద్రవానికీ వాయువుకీ నడుమ ఉన్న గీత వణికి, మసకబారి, మాయమవుతుంది. ఇక అది వాయువులా ప్రతి సందులోకీ దూరుతుంది, ద్రవంలా తారును కరిగించి తెస్తుంది. ఎన్ని వందల సార్లు చూసినా, ఆ గీత చెరిగే క్షణంలో ఆయన ఊపిరి బిగబడుతుంది.

అసలు కష్టం ఒత్తిడి దించడంలో ఉంది. కొత్తలో ఒకసారి, త్వరగా ఇంటికి పోదామని వాల్వును ఒక్కసారిగా తిప్పేశాడు. సందుల్లో ఇరుక్కున్న వాయువు ఉబ్బి, గుళికలన్నీ మొక్కజొన్న గింజల్లా పేలిపోయాయి. అప్పట్నుంచే పావు చుట్టు, గుళికలు చిట్లబోతున్నాయేమో కమ్మితో వినడం, మళ్లీ పావు చుట్టు. నిదానం ఆయన స్వభావమని అందరూ అనుకుంటారు. తనకు తాను వేసుకున్న శిక్షను ఏ రోజున ప్రేమించడం మొదలుపెట్టాడో ఆయనకే తెలియదు.

ఇవాళ ఉద్యోగంలో ఆయనకు ఆఖరి రోజు. ఐదుసార్లు శుద్ధయిన పాత గుళికలు లోపలున్నాయి. ఇవి బాగుపడకపోతే లారీ వచ్చి పారబోతకు తీసుకుపోతుంది. దాంతో ఈ విభాగాన్నీ మూసేసి, ఇకపై అన్నీ కొలిమికే పంపుతారు.

"నిదానం గారూ, మూడున్నరయింది. ఇంకాస్త తిప్పకూడదూ?" అంది వెనకనుంచి ఇంజనీరమ్మ. ఆయన కూతురి వయసు.

ఆయన పలకలేదు. ఆమె ఎదురుగా వచ్చి మళ్లీ అంది. పెదవులు చూశాక, "తిప్పొచ్చమ్మా, మీరు మొక్కజొన్నలు తింటానంటే" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. పొద్దున ఇంట్లో భార్య, "మూడుసార్లు పిలిచాను. చెవులు అద్దెకిచ్చారా ఏంటండీ?" అంది. నవ్వేసి తప్పించుకున్నాడు. కొత్త గుళికలైతే చేతి అలవాటుతో నెట్టుకొచ్చేవాడు. ఇవి ముసలివి. ఎక్కడ చిట్లబోతాయో చెప్పాల్సింది చెవే.

కమ్మిని ఆమెకు అందించాడు.

"నాకు వినబడట్లేదమ్మా. ఆర్నెల్లయింది. ఎవరికీ చెప్పలేదు."

ఆమె పిడిని చెవికి ఆనించుకుంది. ముఖం మారింది.

"చిటుకు చిటుకుమంటోందండీ!"

ఆయన వెంటనే వాల్వు కట్టేశాడు. "ఆగేదాకా వింటూ ఉండండి."

చాలాసేపటికి ఆమె తల ఊపింది. ఈసారి పావు చుట్టులో సగమే తిప్పాడు.

"లారీ వచ్చింది. హారన్ మీద హారన్ కొడుతున్నాడు."

"కొట్టుకోనివ్వమ్మా, నాకేం వినబడుతోందా?"

ఐదు దాటాక మూత తెరిచారు. ఆయన దోసిట్లోకి గుళికలు తీశాడు. నలుపు వదిలి, ఉతికిన పాత చొక్కా రంగులో ఉన్నాయి. ఒక్కటీ చిట్లలేదు. ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసి, ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు. గుప్పెడు ఆమె చేతిలో పోశాడు. ఆమె ల్యాబుకు పరుగెత్తింది.

పరీక్షకు గంట పట్టింది. అప్పటికి ఆయన పాత్ర అంచు తుడిచి, గుడ్డ మడతపెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరాడు.

"నిదానం గారూ! కొత్తవాటిలాగే పనిచేస్తున్నాయి!"

గేటు దగ్గర ఖాళీ లారీ వెనక్కి తిరుగుతోంది. దాని పక్కనుంచి ఆయన మెల్లగా నడిచి వెళ్తున్నాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. లారీ డ్రైవరు తల తిప్పి చూశాడు. ఆయన చూడలేదు.

లోపల కమ్మి మేకుకు వేలాడుతోంది. ఇరవై రెండేళ్లు చెవి ఆనిన చోట చెక్క పిడి అరిగి నున్నటి గుంట పడింది. ఆ గుంట ఆమె చెవికి కాస్త పెద్దది.