పదిహేనో ఓటు

"నువ్వైతే చక్కగా చేస్తావు మృదూ. బయటివాళ్ళకిస్తే తలా తోకా లేకుండా చేస్తారు" అన్నాడు అనిరుధ్, తన పుస్తకం ప్రూఫులు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెడుతూ. ఇండెక్స్ సంగతి. పుస్తకం చివర పేర్లూ మాటలూ వరసగా వేసి, ఎదురుగా పేజీ నంబర్లు ఇస్తారే, అది. ఎవరో ఒకరు కూర్చుని మూడువందల పేజీలూ చదివి, ఏ పేరు ఎక్కడెక్కడ వచ్చిందో ఏరి రాయాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పనే. అలాంటి పనులకి మా ఇంట్లో ఒక మనిషి ఉంది కదా మరి.

సోమవారానికి ఎడిటర్‌కి నేనే పంపాలి. ఆవిడ ఈమెయిల్ అడ్రస్ కూడా ప్రూఫుల మీద పచ్చ చీటీ అంటించి రాసిపెట్టాడు. అన్నిట్లోనూ పద్ధతైన మనిషి.

అనిరుధ్ డాలస్ దగ్గర ఒక యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చెబుతాడు. ఫ్రిస్కోలో మా వీధి తెలుగువాళ్ళందరిదీ సాఫ్ట్‌వేరే. "పొలిటికల్ సైన్స్‌కి కూడా హెచ్-వన్ ఇస్తారాండీ?" అని ఒకాయన పాట్‌లక్‌లో నిజంగానే అడిగాడు. నేనూ అదే చదివానని, ఇద్దరం ఒకే క్లాసులో కూర్చున్నామని వాళ్ళెవరికీ తెలియదు. "మృదుల హోమ్‌మేకర్" అని పరిచయం చేస్తాడు అనిరుధ్. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఏడేళ్ళ నుంచి ఆ మాట విని నవ్వుతూ సమోసాల ట్రే అందించడం అలవాటైపోయింది నాకు.

శనివారం పొద్దున మొదటి మూడు చాప్టర్లూ అయ్యాయి. అన్నీ అనిరుధ్ సొంత సబ్జెక్టు, ఢిల్లీ సంకీర్ణ ప్రభుత్వాలు. ఏడేళ్ళ మా అదితి నా ఒళ్ళోకి తల దూర్చి కృతజ్ఞతల పేజీ పట్టుకుంది. "అమ్మా, నా నేమ్ ఉంది! నానమ్మ నేమ్ కూడా ఉంది. నీది మాత్రం వైఫ్ అని ఉంది" అంది. చూశాను. తల్లి జానకీదేవికి, కూతురు అదితికి, 'నా భార్యకి, ఆమె ఓపికకీ ఫిల్టర్ కాఫీకీ.' "అంతేలే నాన్నా, డాడీకి నేనెవరో తెలుసుగా" అని దాన్ని కార్టూన్ల ముందు కూర్చోబెట్టి, నాలుగో చాప్టర్ తీశాను. తొంభై ఏడో పేజీ.

మొదటి పేరా చదివేసరికే చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

నేను పిహెచ్‌డి మొదలుపెట్టింది యూరోపియన్ పార్లమెంట్ మీద. అప్పటికి పాతిక దేశాల సభ్యులు ఒకే హాల్లో కూర్చునేవారు. దేశం చొప్పున కాదు, రాజకీయ గ్రూపుల చొప్పున. 2004లో అక్కడ ఒక పొత్తు కుదిరింది. ముందునుంచీ ఉన్న లిబరల్స్‌తో, పెద్ద కన్సర్వేటివ్ గ్రూపులో ఇమడలేక బయటికొచ్చిన ఫ్రెంచి, ఇటాలియన్ సెంట్రిస్టులు కలిశారు. గ్రూపు ఒకటే, లోపల పార్టీలు రెండు. ఎవరి జెండా వాళ్ళదే. ఇన్ని దేశాలవాళ్ళు, ఇన్ని తేడాలతో, మాటిమాటికీ ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఒళ్ళు మండుతున్నా విడిపోకుండా ఎలా ఉన్నారు? అదీ నా ప్రశ్న. జవాబు కోసం ఓట్ల జాబితాలు దించుకుని, ప్రతి సభ్యుడూ ప్రతి ఓటూ చేత్తో ఎక్సెల్‌లో ఎక్కించాను. అవునంటే ఒకటి, కాదంటే సున్నా, జాబితాలో పేరు లేకపోతే తొమ్మిది. తొమ్మిదంటే సభలో లేనట్టు. ఈ రంగంలో చాలామంది అలాగే వేసేవారు, నేనూ అలాగే వేశాను. అదీ నా తప్పు. ఒక సెమిస్టరంతా అదే తప్పు చేశాను.

ఒక మధ్యాహ్నం ఒక లిబరల్ సభ్యుడి వరస చూస్తుంటే అనుమానం వచ్చింది. నిమిషం తేడాతో వరసగా జరిగే ఓట్లలో పద్నాలుగోది వేశాడు. పదిహేనోది లేదు. పదహారోది వేశాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చూస్తే అదే దేశం వాళ్ళందరూ అంతే. మా గైడ్‌కి చూపిస్తే "భోజనానికి వెళ్ళుంటారులే" అందావిడ. "ఒక్క నిమిషంలో ఎవరూ భోజనం చేసి రారు" అన్నాను నేను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నా వంక చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. నా జన్మలో ఒక పెద్ద మనిషి నన్ను అలా చూడడం అదే మొదలు.

వాళ్ళేం చేస్తున్నారో నాకు తెలుసు. తెనాలి రైల్వే క్వార్టర్స్‌లో మా పెద్దమ్మ ఛాయాదేవి సరిగ్గా అదే చేసేది. కోపమొస్తే పోట్లాడేది కాదు, పుట్టింటికి పోయేది కాదు. అందరికీ వేడివేడిగా వడ్డించేది, తన కంచం మాత్రం పెట్టుకునేది కాదు. ఆ ఖాళీ చోటు చూసి చూసి రెండో రోజుకి మా పెదనాన్న దిగొచ్చేవాడు. పొత్తు విడవకుండా, పొత్తుకి ఎదురు ఓటు వేయకుండా, బటన్ మీద చెయ్యి పెట్టకుండా కూర్చున్న ఈ సభ్యులు చేసేదీ అదే. అలిగారు. సభలో లేకపోవడం వేరు, అలగడం వేరు. ఏ బిల్లు మీద ఎవరు అలిగారో చూస్తే, తర్వాత గ్రూపు నాయకులు ఎవరి మాటకి దిగొచ్చారో చెప్పొచ్చు. తొమ్మిదులన్నీ మళ్ళీ తిరగేసి, కొత్త గడి చేసి, దానికి 'అలక' అని పేరు పెట్టాను. అర్థమేమిటని గైడ్ అడిగితే పెద్దమ్మ కథ చెప్పాను. పడీపడీ నవ్వి, "పేరు మార్చకు" అంది.

ఇప్పుడు తొంభై ఏడో పేజీలో ఆ మాట ఉంది. ఇటాలిక్స్‌లో. 'ఈ కొలమానానికి అలక అని పేరు పెట్టాను. మా నానమ్మ అలిగినప్పుడు అందరికీ వడ్డించి తాను తినేది కాదు. ఆ జ్ఞాపకమే ఈ ఆలోచనకి మూలం' అని రాశాడు అనిరుధ్. నానమ్మట! ఆ కిందే, 'ఒక్క నిమిషంలో ఎవరూ భోజనం చేసి రారు.' నా వాక్యం. నా పట్టికలు. నూట నలభై ఒకటో పేజీ దాకా తిప్పుకుంటూ పోయాను. ఫుట్‌నోట్స్‌తో సహా నావే.

నేను చదువు మధ్యలో వదిలేసింది 2007లో. అదితి పుట్టింది, అనిరుధ్‌కి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది, నాది డిపెండెంట్ వీసా. "టేక్ యువర్ టైమ్ మృదూ, దూరం నుంచైనా ఫినిష్ చేయొచ్చు" అన్నాడు. వద్దని ఎప్పుడూ అనలేదు, అంత తెలివితక్కువ మనిషి కాదు. పిల్లకి జ్వరం వచ్చినప్పుడు మాత్రం అతనికి క్లాసుండేది, అత్తగారు వచ్చినప్పుడు అతనికి కాన్ఫరెన్సుండేది. నా మూడేళ్ళ డేటా "పాడైపోకుండా" తన లాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. "ఎప్పటికైనా మనిద్దరి పేర్లతో పేపర్ వేద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఏడేళ్ళు బతికాను. పిచ్చిదాన్ని.

వంటింట్లోకి వెళ్ళాను. మా అత్తగారు వేరుశనగపప్పు వేయిస్తోంది. ఆరు నెలలకని వచ్చింది, ఇంకా రెండు నెలలుంది. "అత్తయ్యగారూ, మీ అత్తగారు అలిగితే ఏం చేసేదండీ?" అనడిగాను. గరిటె ఆపి, నాకేమైనా అయిందా అన్నట్టు చూసింది. "మా అత్తగారా? ఆవిడ అలిగే రకం కాదమ్మాయ్, అలిగించే రకం. అందరికంటే ముందు ఆవిడ కంచమే పడేది. ఎందుకూ?" అంది. ఊరికేనన్నాను. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పొగ పడలేదని సర్దుకున్నాను.

అనిరుధ్ కాస్ట్‌కో నుంచి పాల డబ్బాలు మోసుకొచ్చాడు. అత్తగారి ఎదుట అతన్ని 'మీరు' అంటాను. ఆ పూట మర్చిపోయాను.

"నాలుగో చాప్టర్ నాది కదా అనిరుధ్?"

"ఆఁ, మన డేటానే. ఎలా వచ్చింది? రివ్యూయర్స్‌కి ఆ చాప్టరే బాగా నచ్చింది తెలుసా?" పాలు ఫ్రిజ్‌లో పెడుతూనే అన్నాడు. అతని మొహంలో కంగారు లేదు. అదే నాకు గుండెల్లో గుచ్చుకుంది. దొంగిలించినవాడు దాచుకుంటాడు, కనీసం భయపడతాడు. ఇతను దాచలేదు. తెచ్చి నా చేతికే ఇచ్చాడు, పేజీ నంబర్లు రాసిపెట్టమని. అది నాదని అతను మర్చిపోయాడు. నేను చేసే పప్పూ, నేను మడతపెట్టే బట్టలూ ఎవరివో గుర్తుండదు కదా, అలాగ.

"మనది కాదు, నాది. ఆ పెద్దమ్మ కూడా నాదే."

అప్పుడు తిరిగాడు. "మృదూ, ప్లీజ్. సెప్టెంబర్‌లో నా ప్రమోషన్ ఓటు ఉంది. పెళ్ళాం పేరు కూడా వేస్తే, సగం ఆవిడే రాసిందంటారు కమిటీలో. నీకెలాగూ అది ఉపయోగపడదు. నీకు ఉద్యోగమా, కమిటీయా? నాకొస్తే నీకు వచ్చినట్టు కాదా? నీదీ నాదీ అని ఎప్పటినుంచి లెక్కలు చూస్తున్నాం మనం?"

"నానమ్మ అని ఎందుకు రాశావు?"

"కథ బావుంటుందని. వైఫ్ పెద్దమ్మ అంటే మరీ దూరం అనిపించింది" అన్నాడు.

అత్తగారు స్టవ్ కట్టేసింది. పప్పు మాడిన వాసన వస్తోంది. "ఒరే, మా అత్తగారు ఏనాడూ పస్తుండలేదురా. లేనిపోనివి ఎందుకు రాశావు?" అంది కొడుకుతో. "నీకు తెలీదులే అమ్మా, అకడెమిక్ విషయం" అన్నాడతను. నా వైపు తిరిగి, "ఇప్పుడు మూడ్ పాడుచేసుకోకు. సోమవారానికి ఇండెక్స్ అయిపోతుంది కదా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా అదితిని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్ళిపోయాడు.

వాళ్ళ కారు వెళ్ళాక అందరికీ కంచాలు పెట్టాను. అలవాటు కొద్దీ పెట్టాను. మూడు పెట్టాక చెయ్యి ఆగింది. ఈ ఏడేళ్ళూ నేను చేసింది అదేనని అప్పుడు అర్థమైంది నాకు. ఇల్లు వదల్లేదు, ఎదురు చెప్పలేదు, వడ్డిస్తూనే నా కంచం తీసేసుకున్నాను. చూసి దిగొస్తారని. మా పెదనాన్న చూసేవాడు కాబట్టి పెద్దమ్మ అలక అలకైంది. ఖాళీ చోటు వంక చూసేవాళ్ళు లేని ఇంట్లో, ఎంత అలిగినా సభలో లేనట్టే లెక్క. నాకు నేనే తొమ్మిది వేసుకున్నాను.

నాలుగో కంచం తీసి పెట్టాను. మా అత్తగారు చూస్తూ నిలబడింది. మాడినవి తీసేసి, పులిహోర కలిపి, నా కంచంలోనే ముందు వడ్డించింది. "తిను. తిని, ఏం చేయాలో అది చెయ్యి" అంది మెల్లగా. కడుపునిండా తిన్నాను.

తర్వాత క్లోజెట్‌లో చంటిపిల్ల బట్టల డబ్బా కింద నుంచి నా నీలం నోట్‌బుక్ తీశాను. మొదటి పేజీలో నా చేతిరాతతో నా పేరు, 2006 ఫిబ్రవరి, 'అలక' గడికి అర్థం, పెద్దమ్మ పేరు. ఆ పేజీలు స్కాన్ చేశాను. అప్పట్లో గైడ్‌కి రాసిన ఈమెయిళ్ళు వెతికి తీశాను. ఆదివారం రాత్రికి మిగతా ఇండెక్స్ కూడా పూర్తిచేసి, అనిరుధ్ పచ్చ చీటీ మీద రాసిచ్చిన అడ్రస్‌కి ఉత్తరం మొదలుపెట్టి, అతన్ని కూడా కాపీలో పెట్టాను. అతనికి తెలియకుండా ఏదీ చేయదలచుకోలేదు. దాని వల్ల సెప్టెంబర్ ఏమవుతుందో, ఈ ఇల్లు ఏమవుతుందో నాకు తెలియదు. అయినా టైప్ చేశాను.

"మేడమ్, అడిగిన ప్రకారం ఇండెక్స్ జతచేస్తున్నాను. పేర్లన్నీ పేజీలతో సరిచూశాను. ఒక్క పేరు దగ్గర మాత్రం మీ సాయం కావాలి. మృదుల అనే పేరుకి ఈ పుస్తకంలో తొంభై ఏడు నుంచి నూట నలభై ఒకటి దాకా నలభై అయిదు పేజీలున్నాయి. ఆ పేరు మాత్రం ఏ పేజీలోనూ లేదు."

బటన్ నొక్కాను.