ఇద్దరు ఉంగలు

మాసా చిరిగిన కాగితం ముక్కను కంప్యూటర్ తెర మీద పక్కకు జరిపాడు. దాని అంచు ఇంకో ముక్కకు సరిగ్గా అతికింది. చెదలు తిన్నచోట ఖాళీ అలాగే ఉంది కానీ పేరు చదవడానికి వీలైంది. పెదవులు కదపకుండా చదువుకున్నాడు. గట్టిగా చదివితే ఎవరైనా వింటారు.

భోపాలపట్నంలోని ఆ గదిలో అటవీ శాఖ పాత కాగితాలను ఫొటోలు తీసి, ముక్కలు కలిపి, కంప్యూటర్‌లో మళ్లీ నిలబెడుతున్నారు. కాగితంలోని ప్రతి మనిషికీ ఒక చుక్క. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ కేసు అన్నదానికి చుక్క నుంచి చుక్కకు గీత. కొత్త దరఖాస్తులనూ అందులోనే కలుపుతున్నారు. ముప్పై ఏళ్లు బడిలో గంట కొట్టిన మాసాకు పాత హిందీ చేతిరాత చదవడం వచ్చు. అందుకే రోజూ తర్లగూడ నుంచి బస్సులో వస్తాడు. వీపు గోడకు ఆనేలా కుర్చీ వేసుకుంటాడు. హాజరు పట్టీలో సంతకం పెన్సిల్‌తో పెడతాడు.

గీతలంటే అతనికి అనుమానం. పదిహేనేళ్ల కిందట అతని అన్న హుంగాను ఎవరో జాబితా చూసి తీసుకుపోయారు. వాళ్లు వెతికిన హుంగా వేరే ఊరివాడు. అది తేలడానికి ఆరేళ్లు పట్టింది. తిరిగొచ్చాక హుంగా పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేశాడు.

మధ్యాహ్నం టీ వచ్చేసరికి తెర మీద రెండు చుక్కలు దగ్గరకు జరిగి వెలిగాయి. ఉంగ, తండ్రి మాసా, తర్లగూడ: 1962లో టేకు నరికిన కేసు. ఉంగ, తండ్రి మాసా, తర్లగూడ: ఈ ఏడాది అడవి భూమి పట్టాకు దరఖాస్తు. కింద ప్రశ్న: ఇద్దరూ ఒకరేనా?

"ఒకరే అని నొక్కెయ్ బాబాయ్," అన్నాడు గిరీష్. బచేలి గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన అతనే ఆ గదికి ఇన్‌చార్జి. "పేరు, తండ్రి, ఊరు అన్నీ కలిశాయి. ఇంకేం కావాలి?"

"ఒకడు మా నాయన సార్. ఇంకోడు నా కొడుకు. నాయన పోయినంక పుట్టిండు, ఆ పేరు వీనికొచ్చింది. మా తాత మాసా, నేను మాసా. మా దాంట్ల అట్లనే వస్తది."

"అంటే మీ నాన్నే మళ్లీ పుట్టాడన్నమాట. అయితే ఒకరేగా!" గిరీష్ నవ్వాడు.

మాసా నవ్వలేదు. "ఇంట్ల ఒక్కడే సార్. కాగజ్‌ల ఇద్దరు. నా కొడుకు మీద కేసుంటే పట్టా ఇస్తరా?"

"కష్టమే. వేరు అని పెట్టు మరి. ఎవరు చెప్పారో పేరు అడుగుతుంది."

"నువ్వు చెప్పినవని రాయి."

"నేనా? మీ ఊరి మొహం చూశానా ఎప్పుడైనా?"

"పేరు లేకుంట కాదా?"

"కాదు. సాక్షి లేకపోతే సాయంత్రానికి కంప్యూటరే ఇద్దర్నీ కలిపేస్తుంది."

"మళ్ల పేరు వాపస్ తీసుకోవచ్చా?"

"రాసింది రాసినట్టే బాబాయ్."

మాసా కీబోర్డును దగ్గరకు లాక్కున్నాడు. టీ చల్లారిపోయింది. కొడుకు పుట్టక ముందే పడిపోయిన టేకు చెట్టు అది. ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు: మాసా, తండ్రి ఉంగ, కొడుకు ఉంగ, తర్లగూడ.

రెండు చుక్కలు విడిపోయాయి. కొడుకు చుక్కకు కేసు గీత లేదు. రెండుసార్లు చూసుకున్నాడు. వాటి మధ్య కొత్తగా తన చుక్క పుట్టింది. వెంటనే దాని కింద ఇంకో ప్రశ్న వెలిగింది: ఈ మాసా, 1962 నాటి ఉంగ తండ్రి మాసా ఒకరేనా?

"దీనికి సాక్షి ఎవడు?" అన్నాడు మాసా.

"మీ నాన్నని పిలవాలి!"

మాసా జవాబు నొక్కకుండా లేచి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. వారం తర్వాత గిరీష్ బస్సు కండక్టర్‌ను అడిగాడు.

"ఇంటామెను తీస్కొని గోదావరి దాటిండు సార్, మిరపకాయ ఏరనీకి. అక్కడ పేరెవరూ అడగరంట. తలకాయలు లెక్కపెట్టుకుంటరంతే."

గదిలో కిటికీ చువ్వకు మాసా నీళ్లు తెచ్చుకునే సొరబుర్ర వేలాడుతోంది, మూతికి దోపిన ఆకు ఎండి చుట్టుకుపోయి, అడుగున ఇంకా కాసిని నీళ్లతో.