లాల్‌బీ చెప్పిన జవాబు

లాల్‌బీ మొగుడు పీర్‌సాహెబు మారిషస్‌లో ఇంగ్లీషు మాస్టరు. అక్కడి పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బళ్ళో ఇంకో భాష మాట్లాడతారట. వాళ్ళందరికీ ఇంగ్లీషు నేర్పడానికి తిరువూరు నుంచి సముద్రం దాటి వెళ్ళిన ఆ మహానుభావుడు, పెళ్ళానికి అ ఆలు నేర్పడం మాత్రం మరిచిపోయాడు.

అందుకని ఉత్తరం వస్తే చాలు, లాల్‌బీ కుడుతున్న పరుపు పక్కన పడేసి వీధి చివర వెంకటప్పయ్య మాస్టారింటికి పోయేది. పీర్‌సాహెబుకి ఇంగ్లీషు చెప్పింది ఆయనే. పెద్దమనిషి. ఉత్తరం చదివిపెట్టేవాడు, చెబితే జవాబూ రాసిపెట్టేవాడు, కాఫీ కూడా ఇప్పించేవాడు.

రెండేళ్ళ ఒప్పందం డెబ్భై నాలుగో సంవత్సరం వేసవితో అయిపోతుంది. ఇంకా ఉండమంటావా, వచ్చెయ్యమంటావా అని పీర్‌సాహెబు అడిగాడు. లాల్‌బీ సిగ్గు చంపుకుని చెప్పింది.

"వచ్చెయ్యమనండి మాస్టారూ. పలకరించే మనిషి లేక ఇల్లు తినేస్తోందని రాయండి. ఇంక నా వల్ల కావట్లేదని రాయండి."

మాస్టారు తలూపుతూ రాశాడు. ఆయన దస్తూరి ముత్యాలే.

నెలన్నరకి జవాబొచ్చింది. చదువుతూ చదువుతూ మాస్టారు గొంతు తగ్గించాడు.

"'ఇక్కడి గురించి బెంగ వద్దు, మీ ఉద్యోగమే ముఖ్యం అని నువ్వే రాయించావు. నీ ధైర్యం చూసి ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టేశాను.'"

"నేనెప్పుడు రాయించాను మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆడపిల్ల అట్లా బయటపడి రాయిస్తే బాగుండదమ్మా. దూరదేశంలో వాడు మనసు పాడుచేసుకుంటాడని... కాస్త మర్యాదగా మార్చాను."

మర్యాద! లాల్‌బీకి ఒళ్ళు మండిపోయింది. అంతలోనే ఇంకో అనుమానం వచ్చింది.

"ఆయన రాసినవైనా ఉన్నదున్నట్టు చదివారా?"

మాస్టారు నేలచూపులు చూశాడు. "మొగుడూ పెళ్ళాల మాటలు... పెద్దవాణ్ణి, నా నోటితో ఎట్లా చదవనమ్మా? అవి వదిలేసేవాణ్ణి."

లాల్‌బీ ఉత్తరం లాక్కుని ఇంటికొచ్చింది. ట్రంకుపెట్టెలోంచి రెండేళ్ళ ఉత్తరాలూ తీసి మంచం మీద పరిచింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన తనతో చెప్పుకున్నదంతా అక్కడే ఉంది. ఏ వరసలో ఉందో తెలియదు. ఒక్కో కాగితాన్నీ మొదటి వరస నుంచి చివరి వరస దాకా వేలితో తడుముతూ కూర్చుంది.